స్టాంపు ఒక మాట, కార్డు ఇంకో మాట

ఆర్థడాక్స్ చర్చిల (రష్యా, గ్రీసు వైపు క్రైస్తవుల గుళ్ళు) స్టాంపులు, పిక్చర్ పోస్టుకార్డులు పోగేసేవాళ్ళు మనలో మరీ ఎక్కువమంది లేరు. ఉన్న కొద్దిమంది ఆల్బమ్‌లు తెరిస్తే మాత్రం అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇది రష్యా, ఇది గ్రీసు, ఇది బల్గేరియా అని దేశాల వారీగా సర్దుతారు. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్ళు కట్టుబడి తీరును బట్టి సర్దుతారు: బైజాంటిన్ గుమ్మటాలు ఒకచోట, ఉల్లిపాయ గుమ్మటాలు ఇంకోచోట, ఉత్తరాదిన కర్రతో కట్టిన గుళ్ళు వేరేచోట. స్టాంపులకు ఒక ఆల్బమ్, కార్డులకు మరొకటి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇలా సర్దితే అసలు సంగతే జారిపోతుందని నా గట్టి నమ్మకం. ఒక్కో గుడికి ఒక్కో పేజీ ఇవ్వాలి. ఆ పేజీలో స్టాంపునూ కార్డునూ పక్కపక్కన, ఏళ్ళ వరసలో పెట్టాలి. విడదీసి పెడితే రెండూ సగం మాటే చెబుతాయి, ఆ సగం మాట చాలాసార్లు అబద్ధమే అవుతుంది.

ఎందుకిలా అంటున్నానో మాస్కోలోని క్రీస్తు రక్షకుని కెథడ్రల్ పేజీ చూస్తే తెలుస్తుంది. నా దగ్గర ఆ పేజీలో నాలుగే ముక్కలున్నాయి.

మొదటిది విప్లవానికి ముందు అచ్చయిన కార్డు. నెపోలియన్ సేనలు రష్యా వదిలి పారిపోయాక, 1812 చివర్లో, అలెగ్జాండర్ చక్రవర్తి మొక్కుకున్న గుడి ఇది. 1839లో శంకుస్థాపన జరిగితే 1883లో గాని ప్రతిష్ఠ జరగలేదు. కార్డు మీద అయిదు గుమ్మటాలు, ముందు గుర్రబ్బండ్లు. వెనక్కి తిప్పితే మధ్యలో నిలువు గీత ఉంటుంది, ఎడమ పక్క కబురుకు, కుడి పక్క చిరునామాకు. రష్యాలో ఈ గీత 1904 నుంచే వచ్చింది. అంతకుముందు వెనక భాగమంతా చిరునామాకే. చెప్పాలనుకున్న నాలుగు ముక్కలూ బొమ్మ అంచున ఇరికించి రాసుకోవాల్సిందే. కాబట్టి తేదీ వేయకపోయినా ఈ కార్డు ఏ కాలానిదో ఆ గీతే చెప్పేస్తుంది.

రెండోది 1930ల చివరి సోవియట్ స్టాంపు. దాని మీద ఉన్నది చర్చి కాదు, సోవియట్ల ప్రాసాదం. 1931 డిసెంబర్ 5న ఆ కెథడ్రల్‌ను డైనమైట్ పెట్టి పేల్చేశారు. ఆ స్థలంలో బోరిస్ ఇయొఫాన్ గీసిన నమూనా ప్రకారం 415 మీటర్ల ఎత్తున, నెత్తిన లెనిన్ విగ్రహంతో ఒక భవనం లేపాలని సంకల్పం. పునాదులు పడ్డాయి, ఉక్కు చట్రం మొదలైంది. అంతలో యుద్ధం వచ్చింది. ఆ ఉక్కును ఊడదీసి దేశరక్షణ పనులకు వాడుకున్నారు. భవనం ఏనాడూ లేవలేదు. స్టాంపులో మాత్రం మబ్బుల్ని తాకుతూ నిలబడి ఉంది. పక్కనున్న మెట్రో స్టేషన్‌కు 1935 నుంచి 1957 దాకా ఆ లేని భవనం పేరే ఉండేది.

మూడోది సోవియట్ పోస్టుకార్డు. పునాది గుంటను 1960లో ఆరుబయట ఈతకొలనుగా మార్చారు. దాదాపు 130 మీటర్ల గుండ్రటి కొలను, వేడినీళ్ళు. చలికాలంలో తీసిన ఫొటో అది. ఆవిరి కమ్ముకుని ఉంటుంది, ఆవిరిలో తలలు తేలుతుంటాయి.

నాలుగోది ఈ శతాబ్దపు కార్డు. 2000 ఆగస్టు 19న మళ్ళీ ప్రతిష్ఠించిన కొత్త కెథడ్రల్. పైపైన చూస్తే మొదటి కార్డులోని గుడే, రంగు వచ్చి చేరిందంతే. లెన్స్ పెట్టి గోడల మీది శిల్పాలు చూడండి. పాత గుడి శిల్పాలు తెల్లటి రాతివి, గోడలో కలిసిపోతాయి. కొత్తవి కంచువి, నల్లగా విడిగా కనిపిస్తాయి. పాత శిల్పాల్లో మిగిలినవి మాస్కోలోనే దొన్‌స్కోయ్ మఠం గోడల్లో ఉన్నాయి.

ఇప్పుడు ఇదే పేజీని మామూలు పద్ధతిలో విడదీయండి. చర్చిల ఆల్బమ్‌లో మొదటి కార్డూ నాలుగో కార్డూ చేరతాయి. చూసినవాళ్ళు ఆ గుడి నూటిరవై ఏళ్ళుగా చెక్కుచెదరకుండా నిలబడి ఉందనుకుంటారు. స్టాంపు 'ఆధునిక కట్టడాలు' అనే ఆల్బమ్‌లోకి పోతుంది, కొలను 'క్రీడలు'లోకి. ఎవరి ఆల్బమ్‌లో వాళ్ళు నిజాయితీగానే సర్దినట్టు. కానీ ఒక గుడిని కూల్చిన సంగతి ఆ మూడు ఆల్బమ్‌లలో ఎక్కడా ఉండదు.

అందుకే అంటున్నాను, స్టాంపు ప్రభుత్వం మాట. దాని మీద ఏ బొమ్మ రావాలో, ఏది రాకూడదో నిర్ణయించేది ప్రభుత్వం. ఇంకెవరూ అచ్చు వేయడానికి లేదు. దానికి ఎదురుగా మరో గొంతు పెట్టకపోతే అది చెప్పిందే వేదం.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మా తరం తెలుగు పిల్లల ఆల్బమ్‌లలో సగం సోవియట్ స్టాంపులే. విశాలాంధ్ర పుస్తకశాలలో కారుచౌకగా దొరికే సోవియట్ పుస్తకాలు, ఇంటికి వచ్చే 'సోవియట్ భూమి' పత్రిక, ఫ్యాన్సీ షాపులో రంగుకాగితం ప్యాకెట్లో రూపాయికో రెండు రూపాయలకో అమ్మే స్టాంపులు. ఆ ప్యాకెట్లలోని సోవియట్ స్టాంపుల్ని ఇప్పుడు తీసి చూడండి. ఒక మూలన పావు వంతు ముద్ర శుభ్రంగా పడి ఉంటుంది. వెనక జిగురు అలాగే ఉంటుంది. అంటే అవి ఏ కవరు మీదా అంటలేదు, ఏ ఉత్తరాన్నీ మోయలేదు. షీట్లకు షీట్లు ముందే ముద్ర కొట్టి విదేశీ సేకర్తలకు అమ్మినవి. ప్రభుత్వం అచ్చేసిన బొమ్మ నేరుగా మన ఇంటి బల్ల మీదికి వచ్చిందన్నమాట. రాకెట్లు, ఆనకట్టలు, ట్రాక్టర్లు, వాటి మధ్యలో ఒక్కోసారి తెల్లటి గోడల మీద బంగారు గుమ్మటాలు. మాస్కో రెడ్ స్క్వేర్‌లోని సెయింట్ బాసిల్ కెథడ్రల్‌ను మేం గుడి అని కూడా అనుకోలేదు. అది రష్యా బొమ్మ, అంతే. ఇవాన్ ద టెరిబుల్ కజాన్ కోటను గెలిచిన గుర్తుగా 1555, 1561 మధ్య కట్టించిన గుడి అనీ, 1920ల నుంచి మ్యూజియంగా మారిందనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

సోవియట్ స్టాంపుల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేవి 'బంగారు వలయం' స్టాంపులు. మాస్కోకు ఈశాన్యంగా ఉన్న పాత పట్టణాలన్నిటినీ చుట్టి వచ్చే యాత్రామార్గానికి 1967లో యూరి బిచ్‌కొవ్ అనే పాత్రికేయుడు పెట్టిన పేరది. 1980 మాస్కో ఒలింపిక్స్ కోసం 1977 నుంచి ఈ పట్టణాల మీద వరసగా స్టాంపులు తెచ్చారు. వ్లదీమిర్, సుజ్దల్, రొస్తోవ్, యారొస్లావల్, జగోర్‌స్క్. ఒక్కో స్టాంపు 1 రూబుల్, దాని మీద ఒలింపిక్స్ చందా 50 కొపెక్కులు (నూరు కొపెక్కులు ఒక రూబుల్). దేశంలో మామూలు ఉత్తరానికి 4 కొపెక్కులు సరిపోయే రోజులవి. అంటే ఆ స్టాంపులు ఉత్తరాలు రాసుకునేవాళ్ళ కోసం కాదు, బయటి సేకర్తల జేబుల కోసం. వాటి మీద దాదాపు అన్నీ గుళ్ళే. అంతకు పదిహేనేళ్ళ ముందే క్రుశ్చేవ్ హయాంలో వేల గుళ్ళకు తాళాలు వేసిన ప్రభుత్వం, ఆ గుమ్మటాలనే చూపించి ఒలింపిక్స్‌కు డబ్బు సమకూర్చుకుంది. గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగడమంటే ఇదే. స్టాంపులు అద్భుతంగా ఉన్నాయి, ఆ మాట కాదనను. రంగులు, గీత, కూర్పు, ఏదీ వంక పెట్టలేం. అంత అందంగా ఉన్నాయి కాబట్టే పక్కన సాక్ష్యం కావాలంటున్నాను.

జగోర్‌స్క్ అనే పేరే ఒక సాక్ష్యం. సెయింట్ సెర్గియ్ స్థాపించిన మఠం చుట్టూ పెరిగిన ఊరు అది. అసలు పేరు సెర్గియెవ్ పొసాద్. 1930లో ఒక బోల్షివిక్ నాయకుడి పేరు పెట్టారు, 1991లో పాత పేరు తిరిగి వచ్చింది. కార్డు మీద ఏ పేరుంటే ఆ కాలం. పీటర్స్‌బర్గ్, పెట్రోగ్రాడ్, లెనిన్‌గ్రాడ్ అని మూడు పేర్లు మోసిన ఒకే ఊరైనా అంతే. లెనిన్‌గ్రాడ్ కజాన్ కెథడ్రల్ కార్డుల్లోనయితే ఊరు పేరుతో పాటు గుడి పేరు కింద ఇంకో పంక్తి ఉంటుంది: మత, నాస్తికత్వ చరిత్ర మ్యూజియం. 1932లో ఆ గుడిని అలా మార్చారు. నెపోలియన్‌ను తరిమిన కుతూజొవ్ సమాధి ఆ గుడిలోపలే ఉంది. దైవభక్తుడైన ఆ సేనాని నాస్తికత్వ మ్యూజియంలో అన్ని దశాబ్దాలు పడుకుని ఉన్నాడు. ఆ కార్డు బొమ్మవైపు ఒక్కటే చూసి ఆల్బమ్‌లో దూర్చేసేవాళ్ళకు ఈ పంక్తి కనపడదు.

సోవియట్ కాలంలో కార్డులు అచ్చేసిందీ ప్రభుత్వమే కదా, మరి కార్డు వేరే గొంతు ఎలా అయిందని అడగొచ్చు. నిజమే, బొమ్మ ప్రభుత్వానిదే. వెనకవైపు మాత్రం కొన్నవాళ్ళది.

నా దగ్గరున్న కార్డుల్లో ఎక్కువసార్లు చేతిలోకి తీసుకునేది హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. పాత రష్యన్ పుస్తకం అట్టలో ఇరుక్కుని ఉంది. ముందువైపు నెర్ల్ నది ఒడ్డున కన్య మరియమ్మ గుడి. 12వ శతాబ్దంలో అంద్రేయ్ బొగొల్యూబ్‌స్కీ అనే ప్రభువు కట్టించింది. ఒకే గుమ్మటం, తెల్లటి సున్నపురాయి. వసంతంలో వరద వచ్చి గడ్డిమైదానం మునిగినప్పుడు గుడి నీళ్ళ మీద నిలబడినట్టుంటుంది. ఫొటో అప్పుడు తీసిందే. 1784లో దగ్గర్లోని మఠాధిపతి ఈ గుడిని కూల్చి రాయి వాడుకుంటానని అనుమతి కూడా తెచ్చుకున్నాడట. కూలి దగ్గర బేరం తెగక ఆగిపోయిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

వెనక్కి తిప్పితే, కింద చిన్న అక్షరాల్లో ఫొటోగ్రాఫర్ పేరు, మాస్కో 'ప్లనేతా' ప్రచురణాలయం పేరు, అచ్చయిన ఏడు, ఎన్ని ప్రతులు వేశారో, ధర ఎన్ని కొపెక్కులో. సోవియట్ కార్డులన్నిటి మీదా ఈ లెక్కలుంటాయి. ఇంత నిక్కచ్చిగా తన పుట్టుక చెప్పుకునే కార్డులు వేరే దేశాల్లో అరుదు. చిరునామా మన లెక్కకు తలకిందులు: ముందు ఊరు, తర్వాత వీధి, ఇల్లు, అన్నిటికంటే చివర మనిషి పేరు. ఎడమ కింద ఆరు అంకెల తపాలా కోడ్ కోసం చుక్కల గళ్ళు. సోవియట్ దేశంలో ఆ కోడ్ 1971లో వచ్చింది, మన పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న. రెండూ ఆరు అంకెలే. ఇక కబురు. ఊదారంగు సిరా, గుండ్రటి చేతిరాత. రష్యన్ చదవడం వచ్చిన మిత్రుడొకాయన చదివి పెట్టారు. మే డే శుభాకాంక్షలు, ఆరోగ్యం జాగ్రత్త, తోటలో మొక్కలు పెట్టడం మొదలైంది, తీరిక దొరికితే ఒకసారి రండి. అంతే. శ్రామికుల పండగ కబురు, ఎనిమిది వందల ఏళ్ళ మరియమ్మ గుడి బొమ్మ వెనక. అవతలి మనిషి ఆ బొమ్మే ఎందుకు ఎంచుకుందో ఎవరికి తెలుసు? కొట్లో అదే మిగిలి ఉండొచ్చు. లేదా మే డే కబురు రాయడానికి కావాలనే గుడి బొమ్మ వెతికి ఉండొచ్చు. ఈస్టర్ పండగ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది మరి. ఏదైనా కానివ్వండి, స్టాంపు మీద ఇలాంటి ప్రశ్న పుట్టే చోటే లేదు.

సేకర్తల్లో పెద్దలు ఒకాయన నా ఆల్బమ్ చూసి బాధపడ్డారు. "ఏమండీ, ఇన్ని రాసేసిన కార్డులా! అంచులు నలిగినవి, ముద్ర బొమ్మ మీదికి దిగినవి. మింట్ కార్డులు కొనుక్కోండి, రేపు ఎవరికైనా ఇవ్వాలన్నా విలువుంటుంది" అన్నారు. ఆయన లెక్క ఆయనది, బజారు లెక్క కూడా అదే. కానీ రాయని కార్డు నా దృష్టిలో అచ్చాఫీసు గుమ్మం దాటని కార్డు. అది ఎవరి చేతికీ పోలేదు. మనవాళ్ళు ఊరెళ్ళే మనిషికి "చేరగానే ఒక కార్డు ముక్క రాయి" అని చెప్పేవాళ్ళు. చేరిందన్న కబురు కోసమే కార్డు. చేరని కార్డును ఎంత తళతళలాడేట్టు దాచుకున్నా ఏం లాభం?

ప్రదర్శనల నిబంధనల మీద కూడా నాకు పేచీ ఉంది. స్టాంపుల పోటీల్లో సంప్రదాయ థిమాటిక్ (ఒక విషయం మీద కూర్చే) విభాగంలో పిక్చర్ పోస్టుకార్డుకు చోటు లేదు. తపాలాశాఖ విడుదల చేసినదే సరుకు, మిగతాది చిత్తుకాగితం కింద లెక్క. రెండూ కలిపి పెట్టాలంటే ఓపెన్ ఫిలాటెలీ అనే వేరే విభాగానికి వెళ్ళాలి, అక్కడ కూడా స్టాంపులకు సంబంధించని సామగ్రి సగానికి మించకూడదు. ఇక మాగ్జిమమ్ కార్డులని ఉన్నాయి. బొమ్మ ఉన్న కార్డు, బొమ్మ వైపే అతికించిన అదే బొమ్మ స్టాంపు, ఆ ఊరి ముద్ర. మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి, అదే వాటి నియమం. చాలామంది చర్చిల సేకర్తలకు ఇవంటే ప్రాణం. స్టాంపూ కార్డూ కలిసే ఉన్నాయి కదా, నీకింకేం కావాలి అని నన్ను అడుగుతారు. నాకు కావలసింది అవి పొసగని చోటు. స్టాంపు ఉందని చెబుతున్నప్పుడు కార్డు లేదని చెప్పే చోటు. మాగ్జిమమ్ కార్డు పుట్టుకే స్టాంపుకు వంత పాడడానికి. దాని అందం దానిదే, కానీ సాక్ష్యానికి పనికిరాదు.

అన్ని పేజీలూ ఇంత బరువైనవి కావు. కిజి ద్వీపం పేజీ ఉంది, దాన్ని చూసినప్పుడల్లా నా ప్రాణం లేచి వస్తుంది. అనెగా సరస్సులోని ఆ ద్వీపంలో 1714లో కట్టిన కర్ర గుడి, 22 గుమ్మటాలు, 37 మీటర్ల ఎత్తు. ఒక్క మేకు లేకుండా కట్టారని, పని అయ్యాక వడ్రంగి నెస్తర్ తన గొడ్డలిని సరస్సులోకి విసిరేశాడని కథ. దూలాలు నిజంగానే ఒకదానిలో ఒకటి బిగించినవి. గుమ్మటాల మీద పొలుసుల్లా పరిచిన ఆస్పెన్ చెక్కలకు మాత్రం మేకులున్నాయి. ఆ చెక్కలు వానకూ మంచుకూ నాని వెండిరంగుకు తిరుగుతాయి. సాయంత్రం ఎండలో తీసిన కార్డులో ఎర్రగా, మబ్బు రోజున తీసిన కార్డులో సీసంలా కనిపిస్తాయి. సోవియట్ స్టాంపులకు, కార్డులకు ఇష్టమైన గుడి ఇది, కొదవలేదు. అయితే 1950ల కంటే పాత ఫొటోలు సంపాదించండి. గుడి గుర్తుపట్టలేరు. 19వ శతాబ్దంలో గోడలకు పలకలు కొట్టి తెల్లరంగు వేశారు, గుమ్మటాలకు రేకు తొడిగారు. అప్పటి భక్తులకు అలా ఉంటేనే గుడి. 1950ల్లో వాస్తుశిల్పి అపలోవ్నికొవ్ ఆ పలకలన్నీ ఊడదీయించి లోపలి దూలాలు బయటపెట్టారు. మనం 'ప్రాచీన రష్యా' అని మురిసిపోయే రూపం అలా తిరిగి వచ్చింది. ఏది అసలు గుడి? రెండు కార్డులూ పక్కన పెట్టుకుని నేను తేల్చుకోలేను. ఆ తర్వాత 1980ల మొదట్లో పడిపోకుండా లోపల ఇనుప చట్రం బిగించి గుడి మూసేశారు. అంతస్తులు అంతస్తులుగా పైకెత్తి, కింది దూలాలు బాగుచేసి మళ్ళీ దించుతూ, 2020కి గాని ఆ పని ముగియలేదు. మధ్యలోని నలభై ఏళ్ళ కార్డులన్నీ ఎవరూ లోపలికి పోలేని గుడివి.

రొమేనియాది వేరే బాధ. వొరొనెట్స్ మఠం 1488లో స్టెఫాన్ ప్రభువు కట్టించింది. బయటి గోడలన్నీ 16వ శతాబ్దపు కుడ్యచిత్రాలు, వాటి నీలిరంగుకు ఆ ఊరి పేరే పెట్టారు. 1960ల చివర్లో, 70ల మొదట్లో కమ్యూనిస్టు రొమేనియా ఈ మోల్డవియా మఠాల చిత్రాలను స్టాంపుల వరసలుగా తెచ్చింది. ఇంత శ్రద్ధగా అచ్చువేసిన ప్రభుత్వమే 1980ల్లో బుకారెస్ట్‌లో పాలకుడు చౌషెస్కు మహాభవనం కోసం గుళ్ళ మీదికి బుల్డోజర్లు పంపింది. వకరెష్ట్ మఠాన్ని 1986-87లో నేలమట్టం చేశారు. కొన్ని గుళ్ళను మాత్రం యూజెన్ యొర్దకెస్కు అనే ఇంజనీరు కాపాడాడు. పునాది కింద కాంక్రీటు పళ్ళెం పోసి, పట్టాల మీద ఎక్కించి జరిపించాడు. 1985లో మిహాయ్ వోడా గుడి అలా దాదాపు 290 మీటర్లు ప్రయాణం చేసి అపార్ట్‌మెంట్ల వెనక ఆగింది. ఆ గుడి పాత కార్డులో గుట్ట మీద ఉంటుంది, కొత్త కార్డులో ఇళ్ళ సందులో ఉంటుంది. గుడి అదే, గుమ్మటాలూ అవే. కార్డులు రెండూ లేకపోతే అది కదిలిందని ఎవరూ పసిగట్టలేరు.

"మనకెందుకురా పరాయి గుళ్ళ గోల" అని మా అమ్మ అడిగేది. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు మనవాళ్ళూ ఇదే చేశారు కదమ్మా అని చెప్పేవాణ్ణి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ కట్టారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళే భక్తుల్లో సగం మందికి ఆ గుడి అక్కడ పుట్టలేదని తెలియదు. కృష్ణా తుంగభద్రల కలయిక దగ్గర ఆ గుడి ఉన్నప్పటి పోస్టుకార్డు ఒక్కటి దొరికితే చాలని నా కోరిక. రష్యా, రొమేనియా గుళ్ళకు దొరుకుతున్నట్టు మన గుళ్ళకు పాత కార్డులు దొరకవు. మనకు ఆ అచ్చు అలవాటు తక్కువ. పరాయి గుళ్ళ పేజీలు సర్దుతుంటే ఈ లోటు ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

గ్రీసులోని అథోస్ కొండ నాకు పేచీ పెట్టదు. ఇరవై మఠాలు, ఆడవాళ్ళకు ప్రవేశం లేని సన్యాసుల నేల. 2008లో గ్రీకు తపాలాశాఖ అథోస్ పేరుతో ప్రత్యేకంగా స్టాంపులు తేవడం మొదలుపెట్టింది. 1916లో బ్రిటిష్ యుద్ధనౌక ఆర్క్ రాయల్ మీద అథోస్ కోసం స్టాంపులు తయారుచేసి, చివరకు వాడకానికే రానివ్వలేదు. అవి దొరకడం కష్టం, నకిలీలు దొరకడం తేలిక. ఇథియోపియా లాలిబెల రాతిగుళ్ళు, ఆర్మేనియా గుళ్ళు, మన కేరళ మలంకర చర్చిలు ఓరియంటల్ ఆర్థడాక్స్ అనే వేరే శాఖవి. వాటి సంగతి వేరే రాయాలి.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో చూడొచ్చు కదా అనేవాళ్ళకు ఒక మాట. చూడొచ్చు, నేనూ చూస్తాను. ప్రొకూదిన్-గోర్‌స్కీ 1909, 1915 మధ్య రష్యా అంతా తిరిగి రంగుల్లో తీసిన గుళ్ళ ఫొటోలను 1948లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్నది. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అంతకంటే మంచి బొమ్మలు ఏ కార్డు మీదా ఉండవు. కానీ ఆ ఫొటో ఎవరికి చేరిందో ఫొటోలో ఉండదు. పీటర్స్‌బర్గ్‌లో నర్సుల కోసం నడిచిన సెయింట్ యూజీనియా సమాజం 1898 నుంచి కార్డులు అచ్చువేసి, వచ్చిన డబ్బు నర్సుల బాగోగులకు వాడేది. వాళ్ళ కార్డు చేతిలో ఉంటే దాన్ని కొన్న మనిషి ఒక నర్సు కోసం నాలుగు కొపెక్కులు ఇచ్చిందని తెలుస్తుంది. ఇది తెరమీద చూస్తే తట్టే సంగతి కాదు.

ఇప్పుడు నేను సర్దుతున్నది ఉక్రెయిన్‌లోని ఒడెస్సా పేజీ. అక్కడి రూపాంతర కెథడ్రల్‌ను 1936లో సోవియట్లు కూల్చేశారు. 1999 నుంచి మళ్ళీ కట్టారు. 2010లో మాస్కో పేట్రియార్క్ కిరిల్ స్వయంగా వచ్చి ప్రతిష్ఠ చేశాడు. 2023 జనవరిలో ఒడెస్సా పాత నగరాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడు జూలై 23 రాత్రి రష్యా క్షిపణి ఆ గుడి మీద పడింది. మా అన్నయ్య కొడుకు అక్కడ ఎంబీబీఎస్ చదువుతూ 2019లో నాకు పంపిన కార్డు ఈ గుడిదే. "బాబాయ్, నీ లిస్టులో లేనిది పంపుతున్నా. అనాటమీ పరీక్ష అయిపోయింది. ఇక్కడ సముద్రం మన వైజాగ్‌లా ఉండదు" అని రాశాడు. 2022 మార్చిలో వాడు మోల్దోవా మీదుగా రొమేనియా చేరి, ఆపరేషన్ గంగ విమానమెక్కి ఇంటికొచ్చాడు. ఇందాక చెప్పిన పెద్దాయనే ఆ కార్డు చూసి, తన దగ్గర ఇదే మింట్‌ది ఉందని, మార్చుకుందామా అని అడిగారు. మర్యాదగా వద్దన్నాను.

ఆ పేజీలో ఇంకా రెండు కావాలి. ఒకటి 1936కు ముందుది. రెండోది గుడి లేని రోజులది, ఇది తేలిక. ఆ చౌకులో గవర్నర్ వొరొంత్సోవ్ విగ్రహం ఉంది, దాన్ని సోవియట్లు కూల్చలేదు. ఒడెస్సా కార్డుల సెట్లలో ఆ విగ్రహం తరచూ వస్తుంది. పాత కార్డుల కట్టల్లో వెతికేవాళ్ళెవరైనా ఉంటే విగ్రహం వెనక చూడండి. అక్కడ గంటగోపురం బదులు చెట్లే ఉండి, వెనకవైపు ధర కొపెక్కుల్లో ఉంటే, నాకు కావలసింది అదే. రాసి ఉన్నదైతే మరీ మంచిది.